ద్వీపయాత్రకు ముందు

ఎండలు ముదిరిన కొలదియు మనుజుని మనస్సు నీటిని, నీడను వెదకుచుండును. ఈ మాట పలనాటి వారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఎండ తీవ్రతకు ఆంధ్రదేశమంతట పేరుమోసిన రెంటచింతల ఈ సీమలోనిదే. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు విడువబడుటకు పూర్వము ఇచటి నల్లరేగడి నేలలు వానచినుకునకై ఆకాశమువంక చూచుచుండెడివి. కాలువ వచ్చినది, వరి, ప్రత్తి, మిరప వచ్చినవి, పెంకుటిండ్లు మేడలైనవి. అయినను వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున ముప్పాళ్ళ వీథిలో నిలిచి చూచినచో, చుట్టును సముద్రమును నడుమ కొబ్బరితోటలును గల యే దీవికో పోయి నాలుగు దినములు గడపవలెనను కోరిక కలుగుటలో వింత యేమియు లేదు. ఈ కోరిక మంచిదా, చెడ్డదా యని అడిగినచో పెద్దలు గూడ క్షణకాలము తడుముకొందురు.

ముప్పాళ్ళలో ఒక గృహస్థుని యింటిని దృష్టాంతముగా భావింపవచ్చును. ఆయనకు ఆరెకరముల మిరపతోట కలదు. ఆ యేడు కాపు బాగుండెను. గుంటూరు యార్డులో ధరయు బాగుండెను. వేసవి సెలవులకు మారిషస్ దీవికి పోవలెనని పిల్లలు పట్టుపట్టిరి. గృహిణికి గూడ ఆ మాట ఇష్టమే. పెండ్లియైన పదునాలుగేండ్లలో ఆమె పుట్టింటికిని తిరుమలకును తప్ప మరి యెచటికిని పోయి యెరుగదు. గృహస్థు ముందుచూపు కలవాడు. కాగితము తీసికొని, పాస్‌పోర్టుల ఖర్చు ఇంత, ముంబయి మీదుగా విమానపు ఖర్చు ఇంత, బసకు ఇంత యని వరుసగా వ్రాసెను. ఇచట మండుటెండలు కాయు మే నెలలో అచట చలికాలము మొదలగుననియు, చెరకు ఇంకను కోయక పచ్చగా నిలిచియుండుననియు తెలిసి మరింత సంతోషించెను.

ఆ సమయమున ఆయన తల్లి వసారాలో కూర్చుండి మిరపకాయలకు తొడిమలు తీయుచుండెను. ఆమెకు డెబ్బదియేండ్లు దాటినవి. ఆమె జీవితములో చూచిన దీవి ఒక్కటే, నాగార్జునకొండ. సాగరము నిండి ఆ కొండ దీవియైన తరువాత, క్రొత్తగా కాపురమునకు వచ్చిన దినములలో, భర్తతో లాంచీ నెక్కి వెళ్ళినది. ఆ నీటి క్రింద ఇక్ష్వాకుల విజయపురి మునిగియున్నదనియు, అచట అష్టభుజస్వామి పేర శ్రీమహావిష్ణువునకు ఒక ప్రాచీనాలయముండెననియు భర్త ఆమెకు చెప్పెను. చెప్పుచు చెప్పుచు, ఇంకొక దీవి కలదు, రెండు ఏరుల నడుమ రంగనాథుడు పవళించిన దీవి, దానికి గూడ పోదమని మాట యిచ్చెను. ఆ మాట నెరవేరలేదు. ఆయన కాలము చేయుటకు ముందు కుమారుని పిలిచి, తాను తీర్పలేని ఆ మాటను అతనికి అప్పగించెను. కుమారుడు తలయూపెను. అది జరిగి తొమ్మిదేండ్లు. కాగితము మీద లెక్కలు సాగుచున్న ఆ మధ్యాహ్నము ఈ విషయము నెవరును ఎత్తలేదు. తల్లి గూడ ఎత్తలేదు.

ఇట్టి సందర్భమున వెంటనే వచ్చు తీర్పు ఒకటి కలదు. యాత్ర పుణ్యము, విహారము భోగము, కావున మారిషస్ వలదు, శ్రీరంగము వలెను అనునది ఆ తీర్పు. వినుటకు ఇంపుగానే యుండును గాని ఇది తొందరపాటు. భగవద్రామానుజుల సిద్ధాంతమున ఈ జగత్తు కల్ల కాదు, భగవంతునికి శరీరము. సముద్రము, చెట్టు, చెరకుతోట, పిల్లవాడు ఇసుకలో కట్టు గూడు, అన్నియు నిజములే, అన్నియు ఆయనవే. పచ్చదనమును చూచి ఆనందించుటయే దోషమైనచో వాల్మీకిమహర్షి వనవర్ణనలతో అన్ని సర్గలను నింపియుండడు. మరియొక సంగతి గూడ నిజాయితీగా ఒప్పుకొనవలెను. యాత్రయను పేర బయలుదేరిన వారందరును భక్తి కొరకే బయలుదేరరు. ఇంట జబ్బుపడినవారిని ఇరుగుపొరుగుల పాలు చేసి పుణ్యక్షేత్రములు చుట్టివచ్చినవారు లేకపోలేదు. కావున విచారింపవలసినది ప్రయాణము పేరును కాదు.

పచ్చని దీవికి చేసిన ప్రయాణములలో మన దేశమున మిక్కిలి ప్రసిద్ధమైనది ఆంజనేయస్వామి లంకాప్రయాణము. దానిని సాహసకథగా చదువుట అలవాటు. విహారమును గూర్చి అందున్న విచారము అంతగా గుర్తింపబడదు. స్వామి ఆకాశమార్గమున పోవుచుండగా సముద్రుడు మైనాకపర్వతమును పైకి లెమ్మని కోరెను. సముద్రునికి ఇక్ష్వాకువంశపు సగరుని యెడల ఋణము కలదు. మైనాకునికి వాయుదేవుని యెడల ఋణము కలదు. ఇరువురును ఆ ఋణము తీర్చుకొనగోరి, కందమూలఫలములు సిద్ధపరచి, కొంతసేపు విశ్రమింపుమని ప్రార్థించిరి. అది మాయ కాదు, వల కాదు. ఆదరముతో చేసిన అతిథిపూజ. స్వామి దానిని నిందింపలేదు. సంతోషించితినని చెప్పి, కాలము మించిపోవుచున్నదనియు, నడుమ ఆగనని మాట యిచ్చితిననియు తెలిపి, చేతితో పర్వతమును స్పృశించి సాగిపోయెను. ఆ స్పర్శ గమనింపదగినది. విశ్రాంతిని కాదనుటలో గూడ ఆయన దానిని పెట్టినవారి మనస్సును నొప్పింపలేదు.

లంకను చేరిన పిమ్మట ఆయన కన్నులు మూసికొనలేదు. చెట్లను, సరస్సులను, మేడలను చూచెను. రావణుని అంతఃపురమున నిద్రించుచున్న స్త్రీలను చూడవలసివచ్చినప్పుడు మాత్రము, ధర్మమునకు లోపము కలిగినదా యని తన్ను తాను ప్రశ్నించుకొనెను. మనస్సు చలింపలేదని పరీక్షించుకొని, సీతమ్మను వెదకవలసినది స్త్రీల నడుమనే కదా యని తేల్చుకొని ముందునకు పోయెను. చూచుట దోషము కాలేదు. ఎందులకు వచ్చితినన్నది మరచుట దోషమై యుండెడిది.

కథ అచటితో ముగియదు. సీతమ్మ జాడ తెలిసిన పిదప తిరిగివచ్చుచున్న వానరులు మధువనమున దిగిరి. అది సుగ్రీవుని తోట. ఆయన మేనమామ దధిముఖుని కాపలాలో నున్నది. అంగదుని అనుమతితో వారు తేనె త్రాగిరి, పాడిరి, ఆడిరి, కొమ్మలు విరిచిరి, అడ్డువచ్చిన కావలివారిని కొట్టిరి. దధిముఖుడు పరుగున పోయి మొరపెట్టుకొనగా సుగ్రీవుడు కోపింపలేదు. కార్యము సాధింపక వీరికి ఇంతటి ఉల్లాసము రాదు, కావున సీతమ్మ కనబడియే యుండునని ఊహించి సంతోషించెను. విరిగిన కొమ్మల కంటె ఆయనకు ఆ శుభవార్తయే పెద్దదయ్యెను. మైనాకుని యొద్ద వలదన్న విశ్రాంతికి మధువనమున చోటు దొరకినది. రామాయణమునకు విహారముతో వైరము లేదు. దాని వేళ ఏదన్నదే అందున్న ప్రశ్న.

అయితే కర్తవ్యము ముందు, విహారము తరువాత అని సూత్రము చెప్పి ఊరకుండవచ్చునా? ఊరకుండరాదు. ఆంజనేయస్వామి కార్యము ఒక్కటి. దానికి గడువు కలదు, ముగింపు కలదు. ఇంటి పనికి ముగింపెచటిది? మిరపకోత ముగిసినచో దుక్కి, దుక్కి ముగిసినచో నారు. గేదె ఈనును, ఆడపిల్ల పురిటికి వచ్చును, చుట్టములు దిగుదురు. ఆ తల్లి నలువది యేండ్లుగా శ్రీరంగమునకు పోకుండుటకు కారణము సోమరితనము కాదు, భక్తి లోపము కాదు. ప్రతి యేడును ఏదో ఒక కర్తవ్యము ముందు నిలిచినది. ముందు కర్తవ్యమను సూత్రమును ఆ ఇంట అందరికంటె గట్టిగా పాటించినది ఆమెయే. ఆమె యొక్క ఎదురుతెన్నులే ఆ సూత్రములోని లోటును చూపుచున్నవి.

ఈ చిక్కును కులశేఖరాళ్వారుల చరిత్రము మరియొక విధమున చూపును. చేరదేశమునేలిన ఆ మహారాజు ప్రతిదినమును శ్రీరంగమునకు ప్రయాణమని నగరమున చాటింపించెడివాడట. ప్రభువు రాజ్యమును విడిచి పోవునను భయముతో మంత్రులు సరిగా బయలుదేరు వేళకు భాగవతులను రప్పించెడివారట. వచ్చిన భాగవతులకు పరిచర్య చేయక రాజు కదలడు. నాటికి ప్రయాణము నిలిచిపోవును. మరునాడు మరల చాటింపు. ద్వీపయాత్రను ఇన్నిమారులు తలపెట్టి ఇన్నిమారులు మానుకొన్నవాడు మరియొకడుండడు. సంప్రదాయము ఈ ఆలస్యమును నిందింపలేదు. భాగవతసేవ వలన కలిగిన ఆలస్యము గాన కొనియాడినది. కాని ఆయన జీవితమంతయు చాటింపులతోనే గడపలేదు. ఒకనాడు రాజ్యమును కుమారునికప్పగించి రంగనాథుని సన్నిధికి చేరెను. తిరుమలలో గర్భాలయమునకు ముందున్న గడపను నేటికిని ఆయన పేర కులశేఖరప్పడి యందురు. ఆగవలసిన దినములును ఉన్నవి, ఆగరాని దినమును ఉన్నది. ఆ రెంటిని వేరుపరచు గురుతేది?

ఆ గురుతు పలనాటి రైతునకు తెలియనిది కాదు. పని వేరు, బాకీ వేరు. పనికి తుదిలేదు, దాని కొరకు ఎవరును గుమ్మమున నిలిచియుండరు. నాలుగు దినములు ఆగినను, చేయి మారినను నష్టము లేదు. బాకీకి ఒక మనిషి కలడు, ఆతనికొక పేరు కలదు, ఆతడెదురుచూచుచుండును. పూర్వము కాశీకి పోవువారు బయలుదేరుటకు ముందు అప్పులు తీర్చి, మాటపట్టింపులున్నవారి యిండ్లకు పోయి క్షమింపుమని అడిగి, మరియే కదలెడివారు. దారిలో ప్రాణము పోవునేమోనన్న భయము ఒక్కటే దానికి కారణము కాదు. ఋణపడినవాని కంటికి ఎంతటి క్షేత్రమైనను సగమే కనబడునని వారెరుగుదురు.

ఈ దృష్టితో ఆ యింటి కాగితమును మరల చదివినచో అందు వ్రాయని పద్దులు రెండు కలవు. మొదటిది కూలీలది. పలనాటి మిరపకోతకు కర్నూలు సీమనుండి కుటుంబములతో వలసవచ్చు కూలీలు కలరు. గుడిసెలు వేసికొని, పిల్లలను వెంటబెట్టుకొని, ఎండలో వంగి కాయ కోయుదురు. కడపటి కోత కూలి, యార్డు సొమ్ము చేతికి వచ్చినప్పుడిచ్చెదనని నిలిపియుంచిన రైతు, ఆ సొమ్ముతో విమానపు టిక్కెట్టు కొన్నచో లెక్క యెచటనో తప్పినది. చాపకూటిలో అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టిన బ్రహ్మనాయుని సీమలో ఈ మాటను సాగదీసి చెప్పనక్కరలేదు.

రెండవది తల్లిది. దీనిని గూర్చి గృహస్థు అడుగకపోలేదు. లెక్కలు ముగిసిన పిదప, మనసు కుదుటపడక, అడిగెను. ఆమె తలయెత్తకయే, “నాకెందుకురా అబ్బాయ్ ఇప్పుడు శ్రీరంగం? మోకాళ్ళు సాగడంలేదు. పిల్లల సరదా తీర్చు, వెళ్ళిరండి” అనెను. ఋణదాతయే వలదన్నచో ఋణము తీరినట్లేనా? లోకవ్యవహారమున తీరినట్లే. ధర్మవిచారమున అంత సులభము కాదు. చిత్రకూటమున భరతుడు రాజ్యము నీదేయని రాముని పాదములపై బడి ప్రార్థించెను. ఎవరికొరకు రాముడు రాజ్యమును విడిచెనో అతడే తిరిగియిచ్చుచుండెను. అయినను రాముడు తండ్రిమాట గడువు తీరలేదని మరలలేదు. మాటను విడుచుటకు ఎదుటివాని ఔదార్యమును సాకుగా తీసికొనలేదు. తల్లులనెడి ‘నాకెందుకు’ అను మాట నిజముగా కోరిక నశించి అన్నదా, కోరి కోరి విసిగి అన్నదా యని బిడ్డ తెలిసికొనవలెను. మొదటిది వైరాగ్యము. రెండవది, పలుమారులు త్రిప్పబడిన ఋణదాత కాగితమును చింపివేయుట వంటిది. దానితో ఋణగ్రస్తునికి ఊరట కలుగవచ్చును గాని గౌరవము కలుగదు.

ఈ పద్దులు తీరిన పిమ్మట మారిషస్‌కు పోవుటలో దోషమేమి? ఏమియు లేదు. పోవలెను గూడ. కాని ఆ దీవి సముద్రతీరపు బసలతోనే ముగియునది కాదని పిల్లలకు ముందుగా చెప్పి తీసికొనిపోవుట మేలు. 1834 నుండి ఆ దీవికి మన దేశమునుండి కూలీలను ఒప్పందముల మీద ఓడలలో తరలించిరి. గోదావరి ముఖద్వారమున నున్న కోరంగి రేవునుండి బయలుదేరిన తెలుగువారికి అచట ‘కోరంగి’ వారనియే పేరు నిలిచినది. చెరకుతోటలలో అయిదేండ్ల గడువునకు కట్టుబడి పోయినవారు పెక్కుమంది మరల తమ ఊరి పొలిమేరను చూడలేదు. పోర్టులూయీ రేవులో వారు దిగిన ఆప్రవాసి ఘాట్‌ను 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. ఆ రాతిమెట్లు పదునారు. భాష చాలవరకు నోటినుండి జారిపోయినను వారి సంతతి రామభజనమును విడువలేదు. సింహాద్రి అప్పన్నను విడువలేదు. ఉగాది అచట ప్రభుత్వపు సెలవు దినము. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఆ దీవియందే జరిగినవి. విమానపు కిటికీనుండి కనబడు ఆ పచ్చదనము ఎవరి చెమటతో పెరిగినదో ఎరిగి చూచిన పిల్లవానికి, తన ఊరి మిరపతోటలోని గుడిసెలు గూడ వేరుగ కనబడును.

ఇక ముందు పోవలసిన దీవి. కావేరి తిరుచిరాపల్లికి పడమట ముక్కొంబు వద్ద రెండుగా చీలి, దక్షిణపు పాయ కావేరిగాను, ఉత్తరపు పాయ కొల్లిడముగాను ప్రవహించును. నడుమ నున్నది శ్రీరంగము. అరటితోటలును కొబ్బరితోటలును గల ఆ సీమకు నీరు నిలుచునట్లు, కొల్లిడము తలవద్ద 1836లో ఆనకట్టను ఆరంభించిన ఆర్థరు కాటనుదొరయే తరువాత ధవళేశ్వరము వద్ద గోదావరికి ఆనకట్ట కట్టించెను. గోదావరి పచ్చదనమును మెచ్చు తెలుగువానికి ఆ దీవిలో చుట్టరికమున్నట్లే. ఆ దీవిలోనే మన విప్రనారాయణుడు, తొండరడిప్పొడి యాళ్వారు, తోట పెంచెను. పాదులు చేసి, నీరు పోసి, తులసీమాలలు కట్టి స్వామికి సమర్పించెను. పచ్చని దీవియందు మనుజుడు చేయదగిన పనులలో అంతకంటె సుందరమైనది దొరకుట కష్టము.

ఆ దీవికిని లంకకును సంబంధము గూడ కలదు. ఇక్ష్వాకుల కులధనమైన రంగవిమానమును శ్రీరాముడు విభీషణునికిచ్చెననియు, దానిని లంకకు తీసికొనిపోవుచు అతడు కావేరీతీరమున దింపగా అది మరల కదలలేదనియు స్థలపురాణము చెప్పును. విభీషణుడు దుఃఖింపగా స్వామి, నీ దిక్కునకే చూచుచుందునని మాట యిచ్చెను. నేటికిని ఆయన పడమట శిరస్సుంచి, తూర్పునకు పాదములు చాచి, దక్షిణముఖముగా పవళించియున్నాడు. తాను పోలేకపోయిన దీవివైపు, మాట యిచ్చిన భక్తునివైపు, ఇన్ని యుగములుగా చూచుచున్న స్వామి ఆయన.

డెబ్బది దాటిన తల్లితో పోవువారికి ప్రయాణపు ఏర్పాటులో శ్రద్ధ వలెను. ధనుర్మాసమున అధ్యయనోత్సవములు ఇరువదియొక్క దినములు వైభవముగా సాగును. వైకుంఠ ఏకాదశినాడు ఇసుకవేసినను రాలని జనము. మోకాళ్ళు సాగనివారు ఆ దినములను తప్పించుకొనుటయే మంచిది. ఆలయమునకు ఏడు ప్రాకారములు, ఇరువదియొక్క గోపురములు. 1987లో పూర్తియైన దక్షిణ రాజగోపురము 236 అడుగుల ఎత్తు. దాని క్రిందనుండి సన్నిధికి చాలదూరము నడువవలెను. రైలు టిక్కెట్లు అరువది దినముల ముందుగా ఇత్తురు. ఆ మొదటి దినముననే పూనుకొన్నచో వృద్ధులకు క్రింది బెర్తు దొరకు అవకాశము హెచ్చు. మద్రాసు మీదుగా పోవు దారిలో శ్రీరంగమునకే స్టేషను కలదు.

గృహస్థు క్రొత్త కాగితము తీసెను. పైన కూలీల లెక్క వ్రాసెను. దాని క్రింద శ్రీరంగము, అయిదు టిక్కెట్లు. మారిషస్ ఆ తరువాతి యేటి మే నెలకు జరిగినది. పిల్లలు కొంత అలిగిరి. వారి అలుక గూడ న్యాయమైనదే. తల్లి మాత్రము ఆ కాగితమువంక చూడలేదు. రెండు దినములు గడచిన పిమ్మట, సాయంకాలము పాలు పితుకుచు, “గేదెనెవరు చూస్తారే అమ్మాయి?” అని కోడలిని అడిగెను. “పక్కింటివాళ్ళతో చెప్పాను అత్తయ్యా. మనం వచ్చేదాకా పాలు వాళ్ళే వాడుకుంటారు” అని కోడలు చెప్పెను. ముసలమ్మ కొంతసేపు ఊరకుండి, దూడకు గూడ కొంత విడువవలెనని వారికి మరల ఒకసారి చెప్పిరమ్మనెను.